మనసుకూ హక్కులున్నాయి

"మీకేం తక్కువ చేశాను?"

ఈ ప్రశ్న వినిపించని ఇల్లు బహుశా ఉండదు. గల్ఫ్‌లో పన్నెండేళ్లు చెమటోడ్చి ఇల్లు కట్టించిన తండ్రి, తనతో రెండు మాటలైనా కలపని కొడుకును చూసి ఈ ప్రశ్న వేస్తాడు. ఫజర్‌కు లేచింది మొదలు రాత్రి అంట్లు తోమేదాకా క్షణం తీరిక లేని తల్లి, విసుగ్గా ముఖం తిప్పుకున్న కూతురిని ఇదే అడుగుతుంది. ఐదుపూటలా మస్జిదులో మొదటి వరుసలో నిలబడే భర్త, ముభావంగా ఉన్న భార్యను చూసి మనసులో ఇదే అనుకుంటాడు.

వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. తిండి, బట్ట, ఫీజులు, మందులు - వేటికీ లోటు రానివ్వలేదు. అయినా ఏదో తక్కువయింది. తక్కువయిందని ఇంట్లో అందరికీ తెలుసు. అదేమిటో పేరు పెట్టి చెప్పడమే ఎవరికీ చేతకావడం లేదు.

దేహానికి ఆకలి వేసినట్లే మనసుకూ వేస్తుంది. నేను భద్రంగా ఉన్నానన్న ధీమా, నన్ను ప్రేమించేవాళ్లు ఉన్నారన్న నమ్మకం, నలుగురిలో నాకూ ఒక విలువ ఉందన్న తృప్తి, నా చేతనైన పని ఒకటుందన్న సంతోషం, నా బ్రతుక్కి ఒక అర్థం ఉందన్న ఎరుక - ఇవన్నీ మనసుకు ఆహారం. కడుపు ఆకలి కడుపులోనే తెలుస్తుంది. మనసు ఆకలి మాత్రం మారువేషంలో వస్తుంది. ఒకరిలో కోపంగా, ఒకరిలో మౌనంగా, పిల్లల్లో చదువు మీద అశ్రద్ధగా, పెద్దల్లో నిద్రపట్టని రాత్రిగా బయటపడుతుంది.

ధర్మాన్ని ప్రేమించే ఇళ్లలో ఈ విషయంలో ఒక అపోహ కూడా ఉంది. మనసు కోరేదంతా నఫ్స్ కోరికేనని, దాన్ని అణచిపెట్టడమే దైవభక్తి అని కొందరు భావిస్తారు. "బాధగా ఉంది" అంటే "నీ ఈమాన్ బలహీనంగా ఉంది" అని జవాబు చెబుతారు. మనసు అవసరాలను గుర్తించడం నిజంగా భక్తికి లోపమేనా? లేక వాటిని గుర్తించకపోవడమే ధర్మంలో లోపమా? ఈ ప్రశ్నకు దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే, మదీనాలోని ఒక ఇంట్లో సమాధానం దొరికింది.

ఆ ఇంట్లో ఏం తక్కువయింది?

దైవప్రవక్త (స) తన సహచరుల మధ్య సోదర సంబంధాలు ఏర్పరచిన సంగతి మనకు తెలుసు. అలా సోదరులైనవారిలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) కూడా ఉన్నారు. సహీహ్ బుఖారీలో వీరి సంఘటన ఒకటి నమోదై ఉంది.

ఒకరోజు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్లారు. ఉమ్మె దర్దా (రజి) పాతబడిన, సాదాసీదా దుస్తుల్లో, తన గురించి ఏ శ్రద్ధా లేనట్లుగా కనిపించారు. ఎందుకిలా ఉన్నారని ఆయన అడిగారు. ఆమె భర్తను నిందించలేదు. మీ సోదరునికి ఈ ప్రపంచంతో పనిలేదు అన్న భావం వచ్చే మాట ఒక్కటి చెప్పి ఊరుకున్నారు.

అంతలో అబూ దర్దా (రజి) వచ్చారు. అతిథికి భోజనం పెట్టి, తాను ఉపవాసంలో ఉన్నానన్నారు. అది నఫిల్ ఉపవాసం. మీరు తినేదాకా నేనూ ముట్టనన్నారు సల్మాన్ (రజి). అబూ దర్దా (రజి) తినక తప్పలేదు. రాత్రయింది. అబూ దర్దా (రజి) నమాజు కోసం లేవబోతే, ఇప్పుడు పడుకోండన్నారు. కాసేపటికి మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో సల్మాన్ (రజి) స్వయంగా ఆయన్ని లేపారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత సల్మాన్ (రజి) అసలు విషయం చెప్పారు: మీ ప్రభువుకు మీపై హక్కు ఉంది, మీ ప్రాణానికి మీపై హక్కు ఉంది, మీ ఇంటివారికి మీపై హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని ఉద్బోధించారు. అబూ దర్దా (రజి) వెళ్లి ఈ సంగతి దైవప్రవక్త (స)కు విన్నవించారు. సల్మాన్ చెప్పింది నిజమని ఆయన (స) ధృవీకరించారు.

ఈ సంఘటనను మనం ఎన్నోసార్లు విని ఉంటాం. అయినా ఇందులో మూడు విషయాలను ఆగి ఆలోచించాలి.

ఒకటి, అబూ దర్దా (రజి) చేస్తున్నది చెడ్డపని కాదు. పగలు ఉపవాసం, రాత్రి నమాజు. ఆయన్ని చూసినవారెవరికీ లోపం కనిపించదు. లోపం ఆయన ముఖంలో కాదు, ఆయన భార్య ముఖంలో కనిపించింది. మన జీవితం సమతూకంగా ఉందో లేదో మనల్ని చూస్తే తెలియదు. మన మీద హక్కు ఉన్నవాళ్లను చూస్తే తెలుస్తుంది.

రెండు, సల్మాన్ (రజి) ఆరాధనను ఆపలేదు. ఉపవాసం తప్పనలేదు, తహజ్జుద్ వద్దనలేదు. దాన్ని దాని వేళకు చేర్చారు. అందరికన్నా ముందు లేచి లేపినవారు ఆయనే.

మూడు, ఆయన వాడిన మాట 'హక్కు'. తిండి, నిద్ర, భార్యతో గడిపే సమయం - వీటిని ఆయన కోరికలుగా, బలహీనతలుగా చెప్పలేదు. ప్రభువు హక్కును చెప్పిన నోటితోనే ప్రాణం హక్కును, ఇంటివారి హక్కును చెప్పారు. కోరిక అయితే తీర్చవచ్చు, తీర్చకపోవచ్చు. హక్కు అయితే లెక్క చెప్పాల్సి ఉంటుంది.

ఆకలి తీర్చినవాడు, భయం పోగొట్టినవాడు

మన పిల్లలు చిన్నప్పుడే కంఠస్థం చేసే ఖురైష్ సూరాను గుర్తు చేసుకోండి. ఈ గృహానికి ప్రభువైనవానిని ఆరాధించమని ఆదేశిస్తూ అల్లాహ్ తన రెండు అనుగ్రహాలను గుర్తుచేశాడు. ఆకలివేళ అన్నం పెట్టడం ఒకటి, భయం నుంచి రక్షణ కల్పించడం రెండోది. ఒకటి దేహానికి, ఒకటి మనసుకు. ఆరాధన పిలుపుతో పాటే ఈ రెండు అవసరాల ప్రస్తావన రావడం మనం గమనించాలి. తాహా సూరాలో ఆదం (అలై)కు స్వర్గం గురించి చెప్పినప్పుడు కూడా ఆకలి, దిగంబరత్వం, దాహం, ఎండ బాధ అక్కడ ఉండవనే తెలిపాడు. రూమ్ సూరాలో దాంపత్యాన్ని తన సూచనల్లో ఒకటిగా పేర్కొంటూ ప్రశాంతత, ప్రేమ, కారుణ్యం అనే మూడింటినీ చెప్పాడు. మనిషిని సృష్టించినవాడికి మనిషి అవసరాలు తెలుసు. వాటిని ఎక్కడా చిన్నచూపు చూడలేదు.

డి.ఎడ్., బి.ఎడ్. చదివినవారికి అబ్రహాం మాస్లో పేరు పరిచితమే. ఈ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1943లో ప్రచురించిన ఒక వ్యాసంలో మానవ అవసరాలను ఐదు తరగతులుగా విభజించాడు. ఆకలిదప్పుల వంటి శారీరక అవసరాలు, భద్రత, ప్రేమ, గౌరవం, తనలోని శక్తిసామర్థ్యాలను పూర్తిగా వెలికితీసుకోవడం. కింది అవసరం కొంతమేరకు తీరితేనే పై అవసరం బలంగా ముందుకొస్తుందని అతను అన్నాడు. ఈ క్రమం అందరి విషయంలోనూ ఒకేలా ఉండదని, గొప్ప ఆదర్శం కోసం అన్నీ వదులుకునేవారూ ఉంటారని కూడా అతనే ఒప్పుకున్నాడు.

ఈ మాటలో కొంత నిజముంది. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి, తర్వాతే ఉపన్యాసం. అయితే హజ్రత్ బిలాల్ (రజి) చరిత్ర ఇందులోని కొరతను కూడా చూపుతుంది. మక్కాలో మండే ఇసుక మీద పడుకోబెట్టి, గుండెల మీద బండరాయి పెట్టినప్పుడు ఆయనకు ఏ అవసరం తీరింది? భద్రత లేదు, గౌరవం లేదు, బానిసగా తన దేహం మీద తనకే అధికారం లేదు. అయినా అల్లాహ్ ఒక్కడేనన్న మాట ఆయన నోట ఆగలేదు. దైవంతో సంబంధం అన్నీ తీరిన తర్వాత చివర్లో ఎక్కే మెట్టు కాదు. ఏదీ లేనప్పుడు కూడా మనిషిని నిలబెట్టే పునాది అది.

కాని కథ అక్కడితో ముగియలేదు. బిలాల్ (రజి) విశ్వాసం అంత గట్టిది కదా, ఓర్చుకుంటాడులే అని తోటి ముస్లిములు వదిలేయలేదు. హజ్రత్ అబూబకర్ (రజి) తన ధనం వెచ్చించి ఆయన్ని కొని విముక్తి కలిగించారు. బాధపడేవాని సహనం అతని గొప్పతనం. ఆ సహనాన్ని సాకుగా తీసుకొని మనం చేతులు ముడుచుకు కూర్చోవడం మన లోపం. సహనాన్ని మనకు మనం బోధించుకోవాలి. ఎదుటివాడికి ముందు సాయం చేయాలి.

అవసరానికి హద్దుంది, ఆశకు లేదు

మనసు అవసరాలు హక్కులే అయితే, మనసు అడిగినదల్లా ఇవ్వాలా? ఇక్కడే జాగ్రత్త అవసరం.

అవసరానికి ఒక హద్దు ఉంటుంది. దాహం వేసినవాడు రెండు గ్లాసులు తాగితే చాలంటాడు. ఆశకు ఆ హద్దు లేదు. ఆదం సంతానానికి రెండు లోయల నిండా సంపద ఉన్నా మూడోది కోరుతుందని, మట్టి తప్ప మరేదీ దాని కడుపు నింపదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. షైతాను చాలాసార్లు కొత్త కోరికను పుట్టించడు. ఉన్న అవసరాన్నే పట్టుకుని దాని హద్దు చెరిపేస్తాడు.

భద్రత అవసరం. హద్దు చెరిగితే అది పిసినారితనం, రేపటి భయంతో జకాత్ కూడా ఎగవేసే గుణం. ప్రేమ అవసరం. హద్దు చెరిగితే కోడలు కొడుకుతో నవ్వినా సహించలేని అత్తగారి అసూయ. గౌరవం అవసరం. హద్దు చెరిగితే అప్పుచేసి ఫంక్షన్ హాలులో వెయ్యిమందికి బిర్యానీ, కూతురి పెళ్లికి బంధువులు మెచ్చేంత బంగారం, చేసిన దానధర్మం ఫోనులో పెట్టి ఎంతమంది చూశారో లెక్కపెట్టుకోవడం.

హుజ్జతుల్ ఇస్లాం ఇమామ్ గజాలీ (మరణం 1111) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో దీనికి మంచి ఉపమానం చెప్పారు. మనిషి బుద్ధి వేటకు బయలుదేరిన రౌతు. కోరిక అతని గుర్రం, కోపం అతని వేటకుక్క. గుర్రానికి, కుక్కకు శిక్షణ ఉంటే వేట ఫలిస్తుంది. గుర్రం మాట వినకపోతే, కుక్క ఎదురుతిరిగితే వేట మాట అటుంచి రౌతు ప్రాణానికే ముప్పు. ఈ ఉపమానాన్ని కాస్త ముందుకు తీసుకెళ్లి చూడండి. గుర్రాన్ని చంపుకున్న రౌతు కూడా గమ్యం చేరడు. మేత వేయకుండా కట్టేసిన గుర్రం కూడా ఏదో ఒకరోజు తాడు తెంపుకుంటుంది. ఎన్నో ఏళ్లు ఎంతో ఓర్పుగా ఉన్న మనిషి ఒక్కసారిగా ఇంటిల్లిపాదినీ హడలెత్తించేలా అరవడం మనం చూస్తుంటాం. తీరని అవసరం తాడు తెంపుకోవడమంటే అదే.

దైవప్రవక్త (స) చూపిన శ్రద్ధ

మనసు అవసరాలను ఎలా తీర్చాలో తెలుసుకోవడానికి మనకు దైవప్రవక్త (స) జీవితం కన్నా గొప్ప పాఠశాల లేదు.

హిరా గుహలో తొలి వహీ అవతరించినప్పుడు ఆయన (స) వణుకుతూ ఇంటికి చేరారు. తనకు దుప్పటి కప్పమన్నారు. తన భయాన్ని దాచుకోలేదు, భార్యకు చెప్పుకున్నారు. హజ్రత్ ఖదీజా (రజి) ఆయన భయాన్ని కొట్టిపారేయలేదు. మీరు బంధుత్వాలను కలుపుతారు, ఇతరుల భారం మోస్తారు, అతిథులను ఆదరిస్తారు, అలాంటి మిమ్మల్ని అల్లాహ్ ఎన్నటికీ అవమానపరచడని ధైర్యం చెప్పారు. చూడండి, భయపడిన మనిషికి ఆమె ఇచ్చింది ఉత్త ఓదార్పు కాదు. ఆయన మంచిగుణాలను ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పారు. మన ఇళ్లలో భార్యాభర్తలు ఒకరి లోపాలను ఒకరు పేరుపెట్టి చెప్పడంలో ఆరితేరారు. మంచిగుణాలను పేరుపెట్టి చెప్పి ఎన్నాళ్లయింది?

ఒకసారి ఆయన (స) తన మనవడు హసన్ (రజి)ను ముద్దాడారు. పక్కనే ఉన్న అఖ్రా బిన్ హాబిస్ ఆశ్చర్యపోయి, తనకు పదిమంది పిల్లలున్నారని, ఏ ఒక్కరినీ ఎన్నడూ ముద్దు పెట్టుకోలేదని చెప్పాడు. కరుణించనివాడు కరుణకు నోచుకోడని ఆయన (స) సమాధానమిచ్చారు. పిల్లవాడి తల నిమరడం ఖాళీ సమయంలో చేసే సరదా పని కాదన్నమాట. అది దైవకారుణ్యంతో ముడిపడిన విషయం.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక పేద స్త్రీ ఉండేది. ఆమె కొన్నాళ్లుగా కనిపించకపోతే ఆయన (స) ఆరా తీశారు. చనిపోయిందన్నారు. ఆమె విషయాన్ని చిన్నదిగా భావించి ఎవరూ ఆయనకు కబురు చేయలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి దగ్గరకు వెళ్లి జనాజా నమాజు చేశారు. గుర్తింపు అనే అవసరం పెద్దవాళ్లకే కాదు. చీపురు పట్టిన చేతికీ ఉంటుంది. మన ఇంట్లో పాచిపని చేసే మనిషి పేరు మన పిల్లలకు తెలుసా?

ఎవరి వాటా ఎవరు వదులుకుంటున్నారు?

ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. త్యాగానికి ఇస్లాంలో గొప్ప స్థానం ఉంది కదా? అన్సార్లు తమకు లేమి ఉన్నా ఇతరులకే ప్రాధాన్యమిచ్చారని హష్ర్ సూరా వారిని ప్రశంసించింది కదా? మరి అవసరాలు, హక్కులు అని పట్టుబట్టడం స్వార్థం కాదా?

నిజమే, త్యాగం గొప్పదే. అయితే ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. అన్సార్లు వదులుకున్నది తమ వాటాను. నా అన్నం నేను నీకు పెడితే అది త్యాగం. నా భార్య అన్నం ఆమెను అడక్కుండా తీసి నీకు పెడితే అది త్యాగం కాదు, అన్యాయం. అన్నం విషయంలో ఇది మనకు వెంటనే అర్థమవుతుంది. కాలం, ప్రేమ, పలకరింపు విషయంలోనే అర్థం కాదు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు పాటించేవారు. తండ్రి ఆయనకు మంచి కుటుంబం నుంచి సంబంధం చూసి వివాహం చేశారు. కోడలిని యోగక్షేమాలు అడిగితే, ఆయన మంచివాడేనని, అయితే తన దరికే రావడం లేదని ఆమె మర్యాదగా సూచించింది. విషయం దైవప్రవక్త (స) దాకా వెళ్లింది. ఆయన (స) ఆ యువకుణ్ణి పిలిపించి ఉపవాసాలు తగ్గించుకోమన్నారు. ఎంతో బతిమాలగా చివరికి రోజు విడిచి రోజు ఉపవాసానికి అనుమతించారు. దావూద్ (అలై) ఉపవాస పద్ధతి అదే. అబ్దుల్లా (రజి) వృద్ధాప్యంలో బలం తగ్గినప్పుడు, దైవప్రవక్త (స) ఇచ్చిన సడలింపును అప్పుడే స్వీకరించి ఉంటే బాగుండేదని అనుకునేవారు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలం నుంచి మరో ఉల్లేఖనం ఉంది. రాత్రివేళ గస్తీ తిరుగుతుండగా, సైన్యంలో ఉన్న భర్త ఎడబాటుతో ఒక స్త్రీ పాడుకుంటున్న వేదన ఆయన చెవిన పడింది. ఆయన తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని. ఆమె చెప్పిన గడువును బట్టి సైనికులను ఇంటికి పంపే ఏర్పాటు చేశారు. ఆ గడువు నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని కొన్నింటిలో ఉంది. ఇక్కడ ఆలోచించాల్సింది ఏమిటంటే, ఆ సైనికులు వెళ్లింది విహారానికి కాదు, దైవమార్గంలో. అయినా ఇంట్లో ఉన్న భార్య మనసును ఆయన రాజ్య వ్యవహారంగా పరిగణించారు.

నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన సోదరులెందరో ఉన్నారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అప్పులు తీర్చాలి, చెల్లెలి పెళ్లి చేయాలి, తలదాచుకునే గూడు కట్టుకోవాలి. ఇవి అవసరాలు. అవి తీరేదాకా దూరంగా ఉండక తప్పకపోవచ్చు. భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే ఆ ఎడబాటు ఇద్దరి త్యాగం అవుతుంది. కాని గూడు కట్టాక దాని మీద అంతస్తు, అంతస్తు కట్టాక ప్లాటు, ప్లాటు కొన్నాక మరొకటి - ఇలా ఏళ్లు గడుస్తున్నప్పుడు ఒక్కసారి ఆగి ప్రశ్నించుకోవాలి. నేను ఎవరి వాటా వెచ్చిస్తున్నాను? నా సుఖాన్నా, లేక నన్ను చూడగానే తల్లి కొంగు చాటున దాక్కునే ఆ పసివాడి బాల్యాన్నా? అతన్ని ఎవరైనా అడిగారా?

ఇది గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల సంగతి మాత్రమే కాదు. ఒకే ఇంట్లో ఉంటూ, భోజనాల దగ్గర కూడా ఫోనులో తలదూర్చే తండ్రి అంతకన్నా దూరంలో ఉన్నాడు. ధర్మసేవకు వారమంతా ఊళ్లు తిరిగే కార్యకర్త, ఇంట్లో పిల్లలకు ఖుర్ఆన్ చదివి వినిపించే తీరిక లేనివాడైతే అతను కూడా సల్మాన్ (రజి) మాటలను మళ్లీ వినాలి. అలాగే తనకోసం ఏదీ కోరుకోని మన తల్లులు కూడా వినాలి. జ్వరంతో ఉన్నా మంచం దిగి వంట చేసే తల్లి తన వాటానే వదులుకుంటోంది, నిజమే. కాని ఆ హదీసులో ప్రాణానికీ హక్కు ఉందన్నారు. ఒకరోజు త్యాగం చేయవచ్చు, ఒక సంవత్సరం చేయవచ్చు. తనను తాను పూర్తిగా ఎండగట్టుకున్న మనిషి చివరికి ఇంటివారికి కూడా ఏమీ ఇవ్వలేదు. ఆమె చేత ఆ పని మాన్పించాల్సిన బాధ్యత ఇంటివారిది.

ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా

సమతూకం అంటే అన్నింటికీ సమానంగా పంచడం కాదు. త్రాసులో రెండు పళ్లాలూ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండవు. ఏ వేళకు ఏది తగునో ఆ వేళకు దాన్ని ఇవ్వడమే సమతూకం.

హజ్రత్ హంజలా (రజి) ఒకసారి తీవ్రమైన ఆందోళనతో తాను కపటినైపోయానని హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గర వాపోయారు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లెదుట ఉన్నట్లే ఉంటాయి. ఇంటికి వెళ్లి ఆలుబిడ్డల్లో, వ్యవహారాల్లో పడగానే చాలావరకు మరచిపోతున్నాను అన్నది ఆయన బాధ. తన పరిస్థితి కూడా అంతేనన్నారు అబూబకర్ (రజి). ఇద్దరూ దైవప్రవక్త (స) దగ్గరకు వెళ్లారు. నా దగ్గర ఉన్న స్థితిలోనే మీరు ఎల్లప్పుడూ ఉండిపోతే దైవదూతలు మీ పడకల మీద, దారుల్లో మీతో కరచాలనం చేసేవారని, అయితే ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా ఉంటుందని ఆయన (స) హంజలా (రజి)కు ముమ్మారు చెప్పారు.

బిడ్డను ఆడించేటప్పుడు మనసు తేలికపడితే అది కాపట్యం కాదు. నమాజులో కన్నీరు వస్తే అది సంసారానికి ద్రోహమూ కాదు. ఒక్కటే షరతు. ప్రతి ఘడియలోనూ ఆ ఘడియ హక్కుదారు దగ్గర పూర్తిగా ఉండాలి. నమాజులో దుకాణం లెక్కలు, దుకాణంలో ఇంటి చికాకులు, ఇంట్లో ఫోను - ఇలా ఉంటే ఎవరి హక్కూ చెల్లదు.

మనసు జబ్బుపడితే

మనసు అవసరాలు చాలాకాలం తీరకపోయినా, కొన్నిసార్లు ఏ కారణమూ కనిపించకపోయినా మనసు జబ్బుపడవచ్చు. అల్లాహ్ స్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయన్నది రాద్ సూరా చెప్పే సత్యం. అందులో సందేహం లేదు. కాని ఆ సత్యాన్ని జబ్బుపడినవాడి మీద రాయిలా విసరకూడదు. యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ చెబుతోంది. ఆయన ప్రవక్త. ఆయన ఈమాన్‌ను శంకించేవారెవరు? ఆయన తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు, అయినా దుఃఖం దుఃఖమే.

పదో శతాబ్దపు ముస్లిం పండితుడు అబూ జైద్ బల్ఖీ (మరణం 934) దేహానికి, మనసుకు ఆరోగ్య సూత్రాలను ఒకే గ్రంథంలో రాశారు. వైద్యులు దేహాన్ని మాత్రమే చూసి మనసును వదిలేయడాన్ని ఆయన విమర్శించారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరని, రెండోదానికి దేహంలో మూలం ఉండవచ్చు కాబట్టి దేహానికి కూడా చికిత్స చేయాలని చెప్పారు. మందులు ముందుగానే ఇంట్లో ఉంచుకున్నట్లు, మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోమన్నారు.

కాబట్టి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బ్రతకాలని లేదన్న మాట నోట వచ్చినా దాన్ని ఈమాన్ లోపమని కొట్టిపారేయకండి. తాయెత్తుల కోసం తిరుగుతూ కాలం వృథా చేయకండి. దువా చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి. చికిత్స చేయించుకోమని ఆదేశించినవారు దైవప్రవక్త (స)యే. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని బఖరా సూరా బోధిస్తోంది. అంత చిన్న విషయంలోనే సంప్రదింపు కావాలంటే, ఇంటి కాలాన్ని పంచుకోవడంలో ఎంత కావాలి? ఈ శుక్రవారం నుంచే చిన్నగా మొదలుపెట్టవచ్చు. రోజుకు ఒకపూటైనా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోండి, ఫోన్లు పక్కగదిలో పెట్టి. దూరదేశంలో ఉన్నవారు డబ్బు అందిందా అని అడిగే ముందు ఆ రోజు ఎలా గడిచిందో అడగండి. నీట్‌కు చదువుతున్న పిల్లవాణ్ణి మార్కుల కన్నా ముందు భోంచేశావా, నిద్రపోయావా అని అడగండి. వృద్ధులైన తల్లిదండ్రులకు మందులతో పాటు ఒక పని, ఒక సలహా చెప్పే అవకాశం ఇవ్వండి. మీరు లేకుండా ఈ ఇల్లు నడవదన్న మాట వారికి ఏ టానిక్ కన్నా ఎక్కువ బలమిస్తుంది.

ఇక మొదట చెప్పుకున్న ప్రశ్న. "మీకేం తక్కువ చేశాను?" అని అడిగేవాళ్లకు నిజానికి జవాబు అక్కర్లేదు. ఆ ప్రశ్నలో నింద తప్ప విచారణ లేదు. దాన్ని కొద్దిగా మార్చి అడిగి చూడండి: "నా దగ్గర మీకు రావలసింది ఏముంది?" మొదటి ప్రశ్న ఎదుటివారి నోరు మూయిస్తుంది. రెండోది వాళ్ల మనసు తెరుస్తుంది. సల్మాన్ (రజి) ఆ ఇంట్లో అడుగుపెట్టి మొట్టమొదట చేసింది కూడా అదే. చూశారు, అడిగారు, విన్నారు. ఆ తర్వాతే చెప్పారు.

ప్రళయదినాన మన నమాజుల లెక్క అడిగే ప్రభువే మన ఇంటివారి హక్కుల లెక్కా అడుగుతాడు. ఆ రోజు ఇచ్చే లెక్క కన్నా ఈ రోజు అడిగే ప్రశ్న ఎంతో సులభం. ప్రతి హక్కుదారుకు అతని హక్కును ఇచ్చే బుద్ధిని, సామర్థ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా మార్చుగాక! ఆమీన్.